నారు విసిరేవాడి చూపు

చిట్టమూరు చుట్టుపక్కల చెంగయ్య పేరు తెలియని రైతు లేడు. అలాగని అతను పెద్ద రైతూ కాదు, చిన్న రైతూ కాదు. అసలు రైతే కాదు. అతని పని నారు విసరడం. ఇరవై మంది ఆడవాళ్ళు పిక్కల లోతు బురదలో వంగి, వరసగా వెనక్కి జరుగుతూ నాట్లు వేస్తుంటే, ఒక్కొక్కరి చేతిలో నారు అయిపోయే వేళకి వెనకాల ఒక కట్ట సిద్ధంగా ఉండాలి. మరీ దగ్గర పడితే కాలికి అడ్డం వస్తుంది. దూరం పడితే మనిషి బురదలో నాలుగు అడుగులు వేసి తెచ్చుకోవాలి, ఆ లోపల వరస చెడుతుంది. చెంగయ్య విసిరిన కట్ట సరిగ్గా మూరెడు వెనక, వేర్లు కిందికీ ఆకులు పైకీ పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళుగా అతనికి ఇదే పని.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, చెంగయ్య కట్ట పడే చోటు చూడడు. ఎన్నడూ చూడలేదు. చీరలు ఎగ్గట్టి వంగిన ఆడవాళ్ళ వెనక, కయ్య అని పిలిచే ఆ మడి గట్టున నిలబడి చేసే పని ఇది. తలెత్తి చూశావా, పనీ పోతుంది, పరువూ పోతుంది అని వాళ్ళ నాయన మొదటిరోజే చెవి మెలిపెట్టి మరీ చెప్పాడు. ఆయన కూడా నారు విసిరినవాడే. ముందర రెండు బారల దూరంలో బురద మీద ఏదో ఒక గుర్తు పట్టుకో, నీటి బుడగో, నత్తగుల్లో, పోయినేటి వరి మోడో ఏదైనా సరే, దాని మీదుగా కట్టని పంపు, అక్కడినుంచి అదే పోతుంది అన్నాడు. ఎవరికి వేయాలో చెవులు చెబుతాయి. నారు అయిపోయినామె వంగే “నారూ” అని కేక వేస్తుంది. ఆ కేక వచ్చిన వైపుకి గుర్తు చూసుకుని విసరడమే.

అందుకని చెంగయ్యకి ఆ జట్టులో ఆడవాళ్ళ గొంతులే గానీ ముఖాలు సరిగ్గా తెలియవు. ఒకసారి నాయుడుపేట బస్టాండులో ఒకామె ఎదురొచ్చి బాగున్నావా అన్నా అని పలకరిస్తే, ఎవరో తెలియక నీళ్ళు నమిలి, ఆమె ఇంకో మాట మాట్లాడగానే గుర్తుపట్టి, పద్మనాభయ్య గారి పై కయ్యలో ఎడమ నుంచి నాలుగో గొంతు కదమ్మా నువ్వు అన్నాడు. ఆమె ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వింది. చెంగయ్య మాత్రం దాన్ని పొగడ్త కిందే లెక్కేసుకున్నాడు. అంత పద్ధతిగల మనిషి అని పద్మనాభయ్య లాంటి ఆసామి కూడా నలుగురిలో అంటుంటే అతనికి మీసం మీదికి చెయ్యి పోయేది.

ఆ జట్టులోనే కుడి కొసన నాటేది అతని భార్య చెంచమ్మ. కుడి కొస అంటే మాటలు కాదు. ఆమె ఎంత వేగంగా జరిగితే వరస అంత వేగంగా జరుగుతుంది, ఆమె నాటు వంకర పోతే ఇరవై మంది నాట్లూ వంకర పోతాయి. పెళ్ళయిన రెండో ఏడు నుంచి ఆ చోటు ఆమెదే. ఇంకొకరు వచ్చి అక్కడ నిలబడితే ఊరుకునే మనిషి కాదు.

పోయిన డిసెంబరులో పద్మనాభయ్య గారి పల్లపు కయ్యలో ఆ ముచ్చట జరిగింది.

పొద్దున పది గంటల వేళ. జట్టుకి పెద్ద అయిన రోజారమణి నడిమధ్యలో నాటుతూ “నారూ” అని కేక వేసింది. చెంగయ్య కట్ట తీసుకుని చెయ్యి వెనక్కి ఊపాడు. సరిగ్గా అప్పుడే కుడి కొస నుంచి చెంచమ్మ కేక వచ్చింది. రోజూ ఆమె కేక గట్టు దాటి రోడ్డు దాకా వినిపిస్తుంది. ఆ రోజు సగంలో తెగిపోయింది. చెంగయ్య గుండె జారింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తలెత్తి అటు చూశాడు. చెంచమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ నడుముకి ఆనించి, కదలకుండా, ఊపిరి బిగబట్టినట్టు నిలబడి ఉంది. రెండు క్షణాలు అలా ఉండి, ఎవరైనా చూశారేమో అని చటుక్కున మళ్ళీ వంగింది.

ఈలోగా కట్ట చేయి దాటిపోయింది. అది రోజారమణి వెనక మూరెడు దూరంలో పడలేదు. ఆ మూరెడు కూడా మిగల్చకుండా, ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడ, నీళ్ళతో బురదతో సహా తగిలింది. రోజారమణి ముందుకి పడి మోచేతుల దాకా బురదలో దిగిపోయింది. ఇరవై నడుములు ఒకేసారి లేచాయి.

రోజారమణి మంచి మనిషి. లేచి, ముక్కు మీద బురద తుడుచుకుని, నవ్వింది. “ఏందన్నా, ఎవర్ని చూస్తా ఏసినావు?” అని అడిగింది. జట్టంతా పగలబడి నవ్వారు. చెంచమ్మ నవ్వలేదు. ఆమెకి లెక్క సూటిగా ఉంది. తన మొగుడు చూడకుండా వేస్తే ఎన్నడూ గురి తప్పదు. ఇప్పుడు తప్పింది. అంటే చూశాడు. ఎవరికి తగిలిందో ఆమెనే చూశాడు.

“ఎవర్ని చూసినావు?” అంది చెంచమ్మ, నవ్వులు ఆగాక.

చెంగయ్య నోరు తెరిచాడు. నిన్నే చూశాను అనబోయాడు. ఎందుకు చూశావు అంటే నడుము పట్టుకున్నావు గనక అని చెప్పాలి. నడుము పట్టిన మనిషిని రోజారమణి వరసలో ఉంచదు. చెడ్డతనం కాదు, ఒక్కరు వెనకబడితే వరస మొత్తం ఆగుతుంది. అలాంటివాళ్ళని గట్టున నీళ్ళబిందె దగ్గర కూర్చోబెడతారు. పోయిన ఏడు ఇద్దరిని కూర్చోబెట్టారు. చెంచమ్మ ఆ ఇద్దరి గురించి ఎంత జాలిగా మాట్లాడిందో చెంగయ్య విన్నాడు. తననే ఆ బిందె దగ్గర కూర్చోబెడితే ఆమె బతికి ఉన్నా లేనట్టే.

“ఎవర్నీ చూళ్ళా,” అన్నాడు చెంగయ్య.

ఆ అబద్ధం ఎంత అసహ్యంగా వచ్చిందంటే, రోజారమణి కూడా నవ్వు ఆపేసి తల తిప్పుకుంది. సాయంత్రానికి టీకొట్టు దగ్గర కట్ట ఒకటి కాస్తా రెండయింది. మర్నాటికి చెంగయ్య రోజారమణి కోసం కట్టకి పువ్వు కూడా గుచ్చాడు అని తేలింది.

చెంచమ్మ మొగుడితో మాట్లాడటం మానేసింది. మాటలు మానేసిందే గానీ చెప్పాల్సినవి చెప్పడం మానలేదు, అన్నీ వసారా పక్కన కట్టేసిన బర్రెతో చెప్పేది. అన్నం పెట్టి బర్రె వైపు తిరిగి, తినేవాళ్ళు తినొచ్చు, ఆరిపోతే నన్ను అనొద్దు అనేది. బర్రె ఆశగా కంచం వైపు మెడ చాపేది. చొక్కా గుండీ ఊడితే, ఊళ్ళో చూపులు చూసేవాళ్ళకి చొక్కాలు శుభ్రంగా ఉండాలి గదా అని బర్రెతో అంటూ కుట్టి, దాని కొమ్ముకి తగిలించేది. చెంగయ్య వెళ్ళి కొమ్ము మీద నుంచి చొక్కా తీసుకునేవాడు. అలా సాగిన పంతొమ్మిది రోజుల్లో ఆ బర్రెకి తెలిసినంత సంసారం ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియలేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడైనా నిజం చెప్పేయొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. కానీ ఇరవై మంది ముందు ఎవర్నీ చూడలేదు అన్న మనిషి, ఇంటికొచ్చాక నిన్నే చూశాను అంటే ఎవరు నమ్ముతారు? దొరికిపోయిన ప్రతి మగాడూ చెప్పే మాటే అది. పైగా నిన్ను చూశాను అనే మాట చెంగయ్య ఈ జన్మలో పెళ్ళానికి చెప్పి ఎరగడు. రెండు మూడుసార్లు గొంతు దాకా తెచ్చుకున్నాడు. అక్కడే ఆగిపోయింది. ఒకసారి ధైర్యం చేసి బర్రెకే చెబుదామనుకున్నాడు, అదీ చేతకాలేదు.

అసలు బాధ ఇంకొకటి. చెంచమ్మ అతను నారు విసిరే కయ్యకి రావడం మానేసి, బోగోలు నుంచి వచ్చిన ఇంకో జట్టుతో నాట్లకి పోతోంది. కొత్త జట్టు గనక ఇంకాస్త గట్టిగా నాటి చూపిస్తోంది. సాయంత్రం ఇంటికి వచ్చి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ పట్టుకుని, ఆ తరువాతే లోపలికి వస్తోంది. చెంగయ్య అది చూస్తూనే ఉన్నాడు. నడుము సంగతి అడగాలంటే ముందు మాటలు ఉండాలి. మాటలు రావాలంటే ఆ రోజు ఎవర్ని చూశాడో ఆమె నమ్మాలి. చెంగయ్యకి కావలసింది ఆ ఒక్కటే, దాని కోసం అతను ఏమైనా చేసేవాడు.

వాళ్ళ కూతురు భానుప్రియ నెల్లూరులో నేల మీద బంతి దొర్లించే బౌలింగు ఆట ఆడే చోట పని చేస్తుంది. వచ్చినవాళ్ళ చెప్పులు తీసుకుని, ఆటకి వేసుకునే బూట్లు ఇచ్చి, తెర మీద పేర్లు ఎక్కించడం ఆమె పని. అమ్మ ఒక ఫోనులో ఒక కథ, నాయన ఇంకో ఫోనులో ఏమీ లేదమ్మా అనే కథ చెబుతుంటే ఆ పిల్లకి విసుగెత్తింది. అక్కడ పని చేసేవాళ్ళ ఇంటివాళ్ళకి ఏడాదికోసారి ఒక సోమవారం పొద్దున ఉచితంగా ఆడనిస్తారు. ఇద్దరూ రావాల్సిందే, రాకపోతే నేను మీ ఇంటికి రాను అని ఇద్దరికీ విడివిడిగా చెప్పి ఫోను పెట్టేసింది.

ఒకే బస్సు ఎక్కారు. చెంచమ్మ ముందు, చెంగయ్య ఆరు వరసల వెనక. మనుబోలు దగ్గర చెంచమ్మ మూట విప్పి, వెనకాల ఆకలేసినవాళ్ళు ఉన్నారేమో చూడమ్మా అని పక్కామెకి ఒక పొట్లం ఇచ్చింది. ఆ పొట్లం చేతులు మారుతూ ఆరు వరసలు దాటింది. దారిలో ఎవరో ఒక ఇడ్లీ తీసుకున్నారు గానీ మిగతావి చెంగయ్యకి చేరాయి. కారం ఎక్కువ, నూనె తక్కువ, అతనికి ఎలా ఇష్టమో అలాగే ఉంది. ఆ ఇడ్లీలు తింటుంటే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందులో కారం వాటా కొంతే.

బౌలింగు గది చల్లగా, నున్నగా ఉంది. ఎంత నున్నగా అంటే చెంగయ్య లోపల కాలు పెట్టడానికి జంకాడు. బురదలో జారకుండా నిలబడగలడు గానీ ఇలాంటి నేల మీద నమ్మకం లేదు. భానుప్రియ అమ్మ కాళ్ళకి మేజోళ్ళు తొడిగి, సగం ఎరుపు సగం నీలం బూట్లు వేసి తాడు కట్టింది. చెంచమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి ఆ బూట్లు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగున్నాయి అని ఎవరితోనో అనాలనిపించి, బర్రె లేక ఊరుకుంది.

ఆట నేర్పేవాడు హరినాథ్. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడలో విజిల్, మాటలో ఓపిక. పొడవాటి చెక్క నేల, దానికి రెండు పక్కలా కాలవలు, చివర సీసాల్లాంటి పది తెల్లటి పిన్నులు. బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి, కాలవలో పడితే సున్నా అని చెప్పాడు. కాలవలు అనగానే చెంగయ్యకి కొంచెం ధైర్యం వచ్చింది. బంతి ఎత్తి బరువు చూసుకున్నాడు. తడిసిన నారు కట్ట ఇంతకంటే చాలా తేలిక. అయినా పట్టు అదే, ఊపు అదే.

చెంగయ్య చెయ్యి వెనక్కి ఊపి విసిరాడు. నారు విసిరినట్టే విసిరాడు, అంటే గాల్లోకి. ఆరున్నర కిలోల బంతి హరినాథ్ భుజం పక్కనుంచి ఎగిరి, చెక్క నేల మధ్యలో ఢామ్మని పడింది. నలుగురు చెవులు మూసుకున్నారు. హరినాథ్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదడానికి ఊపిరి రాలేదు. చెంగయ్య మాత్రం వేర్లు కిందికి పడ్డాయా లేదా అన్నంత తీరుబడిగా నిలబడ్డాడు.

హరినాథ్ తేరుకుని, ఎగరెయ్యకూడదు, నేల మీద జారవిడవాలి అని చేయి పట్టుకుని చూపించాడు. ఆ తరువాత అసలు మాట చెప్పాడు. అందరూ చేసే తప్పు ఒకటే, పిన్నుల వంక చూస్తారు అన్నాడు. పిన్నులు అరవై అడుగుల దూరంలో ఉంటాయి, అంత దూరానికి మన కన్ను చేతిని నడపలేదు. ఇక్కడికి పదిహేను అడుగుల్లో నేల మీద బాణం గుర్తులు ఉన్నాయి చూడు, కుడి నుంచి రెండోది పట్టుకో. “పిన్నుల్ని మర్చిపో అన్నా. బాణం మీద నుంచి బంతిని పంపు. ఆడనుంచి అదే పోతుంది.”

చెంగయ్య ఉలిక్కిపడ్డాడు. నాయన చచ్చిపోయి పద్నాలుగేళ్ళయింది. ఆయన మాట ఇక్కడ, ఈ చల్లటి గదిలో, విజిల్ కట్టుకున్న మనిషి నోట్లోంచి వస్తోంది. నాకు తెలుసయ్యా, నేను చేసే పని అదే అన్నాడు. హరినాథ్ నమ్మలేదు.

నిజానికి చెంగయ్యకి ఆ పిన్నుల వంక చూడాలన్నా మనసొప్పదు. దూరంగా వరసల్లో నిలబడి, సన్నటి మెడకి ఎర్రటి పట్టీలు చుట్టుకుని, నడుము దగ్గర లావెక్కిన ఆ పదింటినీ ఒకసారి చూసి సిగ్గుతో తల దించేసుకున్నాడు. బాణం గుర్తు చూశాడు. బంతి వదిలాడు. ఎక్కడో టకటకమని చప్పుడయింది. చెంగయ్య తలెత్తకుండానే, పడినాయా అని అడిగాడు. తొమ్మిది పడ్డాయి.

మళ్ళీ వేశాడు, పది పడ్డాయి. ఇంకోటి వేశాడు, ఎనిమిది. వేసిన ప్రతిసారీ నేల వంకే చూస్తూ పడినాయా అని అడగడం, జనం పడినాయి అనడం. ఆటకి వచ్చిన మిగతా ఇళ్ళవాళ్ళు కళ్ళు చికిలించి పిన్నుల్నే చూస్తూ బంతులన్నీ కాలవలకి పారించి, తమ ఆట వదిలేసి వచ్చి చెంగయ్య వెనక నిలబడ్డారు. నేను చెప్పినట్టు చేసిన మొదటి మనిషి నువ్వే అన్నా అని హరినాథ్ పొంగిపోయాడు. చెంగయ్య చెయ్యి మీసం దాకా వెళ్ళి, చెంచమ్మ గుర్తొచ్చి కిందికి దిగింది.

చెంచమ్మ బంతులు వెనక్కి తెచ్చే యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒక్కో బంతి కిందనుంచి వచ్చి బుడుంగున పైకి తేలుతోంది. బర్రె దొరకనందుకు ఆ యంత్రమే దిక్కయింది. అందరికీ వినపడేలా దాంతో అంది. “చూడకుండా ఏస్తే ఒక్కటి తప్పదు. నేను చెప్పింది అదే గదా. ఆ రోజు తప్పిందంటే చూసినట్టే గదా.” యంత్రం ఇంకో బంతి పైకి తేల్చింది. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని తల ఊపింది.

చెంగయ్యకి ఒళ్ళు మండింది, అదే క్షణంలో తెలివీ వెలిగింది. చూస్తే తప్పుతుందని ఆమే అంటోంది. అయితే ఇప్పుడు, ఇందరి ముందు, ఆమెనే చూస్తూ వేస్తే బంతి కాలవలో పడుతుంది. అప్పుడు, చూశావా, నిన్ను చూస్తే గురి తప్పుతుంది, ఆ రోజూ అంతే అని చెప్పొచ్చు. ఇరవై మంది ముందు పోయిన మాట ఇంకో ఇరవై మంది ముందు తిరిగొస్తుంది. ఇంత చక్కటి ఉపాయం పంతొమ్మిది రోజులుగా తట్టనందుకు తనని తానే తిట్టుకున్నాడు.

బంతి తీసుకుని గీత దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

“ఇదిగో, నిన్నే చూస్తా ఏస్తుండా. బంతి యాడ పడుద్దో నువ్వే చూడు.”

హరినాథ్ చేయి అడ్డం పెట్టబోయి, బాణం అన్నా, బాణం అని గొణిగాడు. చెంగయ్య మెడ పక్కకి తిప్పి, చెంచమ్మని సూటిగా చూశాడు. ఆమె ముక్కుపుడక, చెంప మీద పాత మచ్చ, ఆ ఎరుపూ నీలం బూట్లు, ఒళ్ళో పెట్టుకున్న చేతులు. కళ్ళు తిప్పకుండా చూస్తూ చెయ్యి ఊపి వదిలేశాడు.

బంతి చెక్క నేల మీద నింపాదిగా, ఎవరి తొందరా లేకుండా దొర్లుకుంటూ వెళ్ళి పదింటినీ పడగొట్టింది.

తెర మీద బొమ్మలు గంతులేశాయి. జనం చప్పట్లు కొట్టారు. భానుప్రియ నెత్తిన చేతులు పెట్టుకుంది. పన్నెండేళ్ళుగా బాణాల గురించి చెబుతున్న హరినాథ్ ఆ బాణాల వంకా చెంచమ్మ వంకా మార్చి మార్చి చూసి, పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెంగయ్యకి ఏడుపొక్కటే తక్కువ. ఇన్నేళ్ళలో అతను తప్పాలని కోరుకున్న గురి ఇదొక్కటే.

చెంచమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. యంత్రం వైపు తిరగలేదు. మొగుడి ముందుకే వచ్చి నిలబడింది.

“నన్ను చూస్తే బంతి పక్కకి పోలేదే,” అంది. పంతొమ్మిది రోజుల తరువాత అతనితో అన్న మొదటి మాట అది. “మరి ఆ రోజు ఎవర్ని చూసినావు?”

చెంగయ్య దగ్గర ఉపాయాలు అయిపోయాయి. నిజం ఒక్కటే మిగిలింది.

“నిన్నే. నువ్వు నడుం పట్టుకుని నిలబడినావు. నీ కేక సగంలో తెగిపోయింది. నాకు భయమేసింది. చూడ్డం వల్ల కాదు చెంచమ్మా, భయానికి నా చెయ్యి అదిరింది.”

చెంచమ్మ ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. గబుక్కున చుట్టూ చూసింది. ఆ గదిలో రోజారమణి ఉండే వీలు లేదు, అయినా చూసింది. తరువాత గొంతు బాగా తగ్గించింది.

“ఇంకెవరన్నా చూసినారా?”

“ఎవరూ చూళ్ళా. నేనొక్కణ్ణే.”

“అందుకేనా ఆడ అబద్ధం చెప్పినావు?”

చెంగయ్య తల ఊపాడు. నిన్ను బిందె దగ్గర కూర్చోబెడతారని అని మాత్రం అన్నాడు. నొప్పి ఎప్పటినుంచి అని అడిగాడు. రెండు నెలలు అంది ఆమె. రోజూ ఉంటుందా అంటే వంగి లేచినప్పుడు అంది. భానుప్రియ మధ్యలోకి వచ్చి, మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి పోతున్నాము, నేను సెలవు అడుగుతా, ఇద్దరూ నోరు మూసుకుని రావాలి అని తేల్చేసి ఫోను తీసుకుని పక్కకి వెళ్ళింది. చెంగయ్య గుండెల మీద నుంచి బరువు దిగింది. ఇక అంతా సర్దుకుంది అనుకున్నాడు.

చెంచమ్మ కదల్లేదు. బూట్ల వంక చూసుకుంటూ ఏదో లెక్క కడుతోంది.

“ముప్పై ఏళ్ళు ఒకే కయ్యలో పని చేసినాము,” అంది. “నువ్వు తలెత్తవని ఊరంతా పొగిడేది. నేను వంగుండి, నా వెనక కట్ట పడిన సప్పుడు ఇనేదాన్ని. ఈరోజన్నా నన్ను చూసినాడేమో అని ప్రతి కట్టకీ అనుకునేదాన్ని.” తలెత్తి అతని వంక చూసింది. “చూసింది ఆ ఒక్కసారేనా?”

చెంగయ్యకి అబద్ధం చెప్పాలనిపించింది. ఇంకా చాలాసార్లు చూశాను అనాలనిపించింది. ఆ రోజంతా, ఆ ఏడాదంతా, మీసం మెలేసిన ప్రతిరోజూ చూసి ఉంటే ఎంత బాగుండేదనిపించింది. చివరికి అవునని తల ఊపాడు. ముప్పై ఏళ్ళుగా తన గొప్ప అనుకున్నది ఇంత చిన్నదా అని అతనికి సిగ్గేసింది.

హరినాథ్ వచ్చి ఆమె వంతు అని గుర్తు చేసి, నడుముకి ఇబ్బంది లేకుండా పిల్లలు ఆడే తేలికపాటి బంతి ఇచ్చాడు. కొంచెం బెరుగ్గానే, బాణం వంక చూడక్కా అని కూడా చెప్పాడు. ఆమె గీత దగ్గరికి వెళ్ళి, ఎడమ చెయ్యి దాచకుండా నడుముకి ఆనించుకుని, బంతిని జారవిడిచింది. అది సగం దూరమైనా పోకుండా పక్క కాలవలోకి దిగింది. చెంచమ్మ బంతినీ చూడలేదు, బాణాన్నీ చూడలేదు. వదిలిన వెంటనే వెనక్కి తిరిగి చెంగయ్య ఎటు చూస్తున్నాడో చూసింది.

అతను ఆమెనే చూస్తున్నాడు.